మా రోజుల్లో దాన్ని బద్ధకమన్నాం

నేను కరీంనగర్ జిల్లా నుంచి సాంచాల (మరమగ్గాల) పనికి సూరత్ వచ్చిన కొత్తలో డిండోలిలో ఈ అపార్ట్‌మెంట్లు లేవు. రైలు పట్టాల అవతల పొలాలే. ఇప్పుడు మా బిల్డింగులో నాలుగు అంతస్తులు ఎక్కేలోపు ముగ్గురు ఆడవాళ్ళు థైరాయిడ్ కాగితాలు చేతికిచ్చి చదవమంటారు.

మా రోజుల్లో ఈ కాగితమే లేదు. రెండో కాన్పు తర్వాత నా భార్య మనిషే మారిపోయింది. మొహం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది, దువ్వెన నిండా జుట్టు. సూరత్ ఎండల్లో కూడా దుప్పటి కప్పుకునేది. చీరలకు అంచులు కుడుతూ కుడుతూ సూది చేతిలోనే ఉండగా కునికేది. మా అమ్మ "దీనికి ఒళ్ళు వంగది" అంది. పన్నెండు గంటల పాళీ చేసి వచ్చిన నేనూ అదే మాట అన్నాను. ఒక డాక్టరు రక్తం తక్కువని బలానికి సీసా రాసిచ్చాడు. అసలు పరీక్ష జరిగేసరికి ఆరేళ్ళు పోయాయి. ఆ ఆరేళ్ళ మాటలు నేను వెనక్కి తీసుకోలేను.

నాకు కోపం వచ్చేది ఎక్కడంటే, థైరాయిడ్ గ్రంథి మందగించే ఈ జబ్బు అప్పటికే కొత్తది కాదు. హషిమోటో అనే జపాన్ డాక్టరు 1912లోనే నలుగురు ఆడవాళ్ళ గ్రంథులను పరిశీలించి, వాటి నిండా తెల్లకణాలు చేరాయని రాశాడు. 1956లో లండన్‌లో రాయిట్, డోనియాక్ బృందం ఇలాంటి రోగుల రక్తంలో వాళ్ళ సొంత గ్రంథి మీదికే తయారైన యాంటీబాడీలను కనిపెట్టింది. అంటే ఒంటి కాపలాయే ఒంటి మీద పడిందన్నమాట. ఆ కబురు మా గల్లీకి రాలేదు. వచ్చింది అయోడిన్ ఉప్పు ఒక్కటే. దానికీ మనవాడే కారణం: శ్రీకాకుళంలో పుట్టిన వులిమిరి రామలింగస్వామి. 1950ల్లో కాంగ్రా లోయలో అయోడిన్ కలిపిన ఉప్పు ఇప్పించడం మొదలుపెట్టి, గొంతుగడ్డలు తగ్గుతాయని రుజువు చేశాడు. 1962లో జాతీయ గాయిటర్ నివారణ పథకం మొదలైంది.

ఇప్పటివాళ్ళకు పరీక్ష ఉంది, మాత్ర ఉంది. మరి చేస్తున్నదేమిటి? ఆ ఉప్పునే మానేసి సైంధవ లవణం తెచ్చుకుంటున్నారు. "మామా, నాకు యాంటీ టీపీవో ఆరు వందలు వచ్చింది, కింది ఇంటామెకు రెండు వందలే" అని మా కోడలు రాత్రంతా నిద్రపోలేదు. మూడు నెలలకోసారి ఆ యాంటీబాడీల అంకె కోసమే డబ్బులు పోస్తున్నారు. మాత్ర మాత్రం చాయ్‌తో కలిపి మింగుతారు.

కోడలికి సాంచ భాషలోనే చెప్పాను. "బిడ్డా, సాంచ కింద నూలుముక్కలు కనపడితే పోగులు తెగుతున్నయని తెలుస్తది. అవి రోజూ తూకం వేస్తే ఎన్ని మీటర్లు నేసినమో తెలుస్తదా? సాంచ మందగిస్తే సేటు కేకలు పెరుగుతయి. థైరాయిడ్ మందగిస్తే పెరిగే టీఎస్‌హెచ్ అంటే ఆ కేక. వినవలసింది దాన్ని."

టీపీవో పరీక్ష జబ్బు ఎందుకొచ్చిందో ఒకసారి చెబుతుంది. టీఎస్‌హెచ్ కాస్త పెరిగి ఉన్నప్పుడు, కడుపుతో ఉన్నప్పుడు, కాన్పు తర్వాత ఎవరిని కనిపెట్టుకుని ఉండాలో చెబుతుంది. అంతవరకు దాని విలువ పెద్దదే. హైదరాబాద్, అహ్మదాబాద్ సహా ఎనిమిది నగరాల్లో ఐదు వేలకు పైగా పెద్దవాళ్ళను చూసి 2013లో ప్రచురించిన లెక్కలో, నూటికి 22 మందిలో ఈ యాంటీబాడీలు ఉన్నాయి. గ్రంథి మందగించింది మాత్రం నూటికి 11 మందికే. ఇంగ్లండులోని విక్‌హామ్‌లో 20 ఏళ్ళు వెంట ఉండి చూస్తే, యాంటీబాడీలు మాత్రమే ఉన్న ఆడవాళ్ళలో ఏటా నూటికి ఇద్దరికి గ్రంథి చెడింది. టీఎస్‌హెచ్ కూడా పెరిగి ఉంటే నలుగురికి. భయపడి ఉప్పు మానేయాల్సిన లెక్క కాదిది, ఏడాదికోసారి టీఎస్‌హెచ్ చూపించుకోవాల్సిన లెక్క.

థైరాయిడ్‌కే వచ్చే గ్రేవ్స్ జబ్బు దీనికి పూర్తిగా వ్యతిరేకం. అక్కడ యాంటీబాడీ గ్రంథిని ఆగకుండా పరుగెత్తిస్తుంది. మనిషి చిక్కిపోతుంది, చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, కొందరికి కనుగుడ్లు ముందుకొస్తాయి. ఆ యాంటీబాడీ పరీక్ష వేరు. మందు ఎప్పుడు ఆపాలో తేల్చడానికి డాక్టర్లు దాన్ని మళ్ళీ చూస్తారు. రెండింటినీ ఒకే గాటన కట్టి పక్కింటామె మందు వాడకండి.

నా భార్య పద్ధతి చెబుతాను. తెల్లవారగానే మంచినీళ్ళతో మాత్ర. అరగంట, వీలైతే గంట దాకా చాయ్ లేదు. ఐరన్, కాల్షియం బిళ్ళలు నాలుగు గంటల తర్వాత. డోసు మారిస్తే ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్. నెమ్మదిగా ఆమె గొంతు ఆమెకు వచ్చింది.

డిండోలిలో, లింబాయత్‌లో సాంచాల మీద పనిచేసే తమ్ముళ్ళారా, ఇంట్లో ఆడమనిషి ఎప్పుడూ చలి అంటున్నా, కూర్చున్నచోటే కునుకుతున్నా ఒక్క మాట అనకండి. మర్నాడు పొద్దున ఆమెను రక్తపరీక్షకు తీసుకుపొండి.