మనకిష్టమై కొన్నదేనట!

కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్‌ల (ఓఎస్‌ల) మార్కెట్లో గట్టి పోటీ ఉందట. వినియోగదారుడు నాలుగూ చూసి, బేరీజు వేసుకుని, తనకు నచ్చినది ఎంచుకుంటాడట. అలా ఎంచుకోగా ఎంచుకోగా ప్రపంచంలో ప్రతి పది డెస్క్‌టాప్‌లలో ఏడింటికి అటూ ఇటూగా విండోసే మిగిలిందట. ఈ మాట చెప్పేవాళ్ళు కోటు వేసుకుని, ఏసీ హాల్లో మైకు పట్టుకుని చెబుతారు కాబట్టి కాదనడానికి నోరు రాదు. కాకపోతే ఆ బేరీజు వేసిన మహానుభావుడు హైదరాబాద్ శివారు మొయినాబాద్‌లో ఎక్కడుంటాడో ఎవరైనా చూపిస్తే వెళ్ళి దండేసి వద్దామని ఉంది.

బేరీజు వేయడం ఇక్కడివాళ్ళకు రాదనుకునేరు. 1996లో 84 గ్రామాల మీద నిర్మాణాల ఆంక్షల 111 జీవో పడ్డప్పటి నుంచి, ఎత్తేస్తారా, ఎత్తేశారా, ఎత్తేసినట్టా కానట్టా అని గజం గజానికీ లెక్క కట్టినవాళ్ళు. టమాటా పెట్టె దగ్గర ఐదు రూపాయల కోసం గంట సేపు వాదించగలరు. అలాంటి ఒక పెద్దమనిషి కొడుక్కి ఇంజినీరింగ్ సీటొచ్చిందని ల్యాప్‌టాప్ కొనడానికి పోతాడు. షాపువాడు ర్యామ్ ఎంత కావాలంటాడు, రంగు ఏది కావాలంటాడు, ఈఎంఐ పెట్టమంటారా అంటాడు, బ్యాగు ఊరికే ఇస్తున్నానని రెండుసార్లు గుర్తు చేస్తాడు. ఏ ఓఎస్ వేయమంటారని మాత్రం అడగడు. ఇంటికొచ్చి మూత తెరిస్తే విండోస్. బిల్లులో దాని ధర విడిగా ఉండదు. ధరే కనబడని సరుకును ఏరికోరి కొన్న ఘనత ఆ పెద్దమనిషికి అంటగట్టి, ఆయన్ను తీసుకెళ్ళి మార్కెట్ వాటాలో కలిపేస్తారు.

ఈ కిటుకు ఈనాటిది కాదు. 1981లో ఐబీఎం పీసీకి ఇవ్వడానికి మైక్రోసాఫ్ట్ దగ్గర సొంత ఓఎస్ లేదు. సియాటిల్‌లోని ఓ చిన్న కంపెనీ నుంచి కొనుక్కొచ్చి ఎంఎస్-డాస్ అని పేరు పెట్టింది. అది వ్యాపారం, తప్పు పట్టను. అసలు తెలివంతా తర్వాతది. కంప్యూటర్లు చేసే కంపెనీ ఎన్ని మిషన్లు అమ్మితే అన్నిటికీ మైక్రోసాఫ్ట్‌కు లైసెన్సు కట్టాలని ఒప్పందాలు రాయించుకుంది. దాంట్లో వేరేవాళ్ళ ఓఎస్ వేసి అమ్మినా సరే, కట్టాల్సిందే. రెండు చోట్ల కప్పం కట్టే వెర్రివాడెవడు? 1994లో అమెరికా న్యాయశాఖ ఆ ఒప్పందాలు మాన్పించేనాటికి పని అయిపోయింది. 1998లో మళ్ళీ కేసు. 2000లో కంపెనీని రెండు ముక్కలు చేయమని జడ్జి జాక్సన్ తీర్పు. 2001లో అప్పీలు కోర్టు ఆ ముక్కలను అతికించి ఇంటికి పంపింది. ఐరోపావాళ్ళు ఇంకాస్త ముచ్చటైన పని చేశారు. 2004లో 49.7 కోట్ల యూరోల జరిమానా వేసి, మీడియా ప్లేయర్ లేని విండోస్ కూడా అమ్మి తీరాలన్నారు. చిత్తమని అమ్మారు, అదే ధరకు! ప్లేయర్ ఉన్నదీ లేనిదీ ఒకే రేటైతే లేనిది కొనేదెవరు? అదీ జనాభిప్రాయం కిందే జమ.

మనకు ఈ కోర్టు గొడవలతో పనేముంది, మనవాడున్నాడు కదా. 1998లో హైదరాబాద్‌లో డెవలప్‌మెంట్ సెంటర్ పెట్టినప్పుడే సగం చుట్టరికం కలిసింది. 2014 ఫిబ్రవరిలో బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల సీఈఓ అయ్యేసరికి వియ్యమే అందినట్టయింది. ఇక ఆ రోజు నుంచి విండోస్‌ను ఒక మాట అంటే ఇంట్లో పిల్లాణ్ణి అన్నట్టే. అవతల ఆండ్రాయిడ్ గూగుల్‌ది, దాని పెద్ద మదురైలో పుట్టిన సుందర్ పిచాయ్. కాబట్టి ప్రపంచ ఓఎస్ పోటీ అంటే హైదరాబాద్‌కూ తమిళనాడుకూ మధ్య రంజీ మ్యాచ్ అని టీవీ చర్చల్లో ఎప్పుడో తేల్చేశారు. నాదెళ్ల ప్రతిభను ఎవరూ కాదనరు. తెలుగువాడు కుర్చీ ఎక్కాడని తెలుగువాడికి లైసెన్సు మీద రూపాయి తగ్గించినట్టు మాత్రం నేను వినలేదు.

ఎంపిక ఎలా జరుగుతుందో చూడాలంటే బీజాపూర్ రోడ్డు మీద ఏదో ఒక డీటీపీ షాపులో అరగంట కూర్చోండి. తెర మీద పెళ్ళి కార్డు. పేజ్‌మేకర్‌లో అను ఫాంటు. వరుడి పేరు బంగారు రంగులో వంకీలు తిరుగుతుంటుంది. కుడివైపు అడుగున, సరిగ్గా ఫంక్షన్ హాలు పేరు మీద, బూడిద రంగులో ‘యాక్టివేట్ విండోస్’ అని ఒక విన్నపం తేలుతుంటుంది. దాన్ని షాపు కుర్రాడు చూడడు. కార్డు అచ్చుకు ఇవ్వడానికి వచ్చిన పెళ్ళివారు మాత్రం ఒకటికి రెండుసార్లు చూసి, అది కార్డు మీద పడదు గదా అని అడుగుతారు.

“లైనక్స్ పెట్టుకోరాదు తమ్ముడూ, ఊరికే వస్తది గదా?” అన్నాను.

“ఇది గూడ ఊరికెనే వచ్చిందన్నా,” అన్నాడు తల తిప్పకుండా. “అయినా దాంట్ల అను రాదు. పాత కార్డులన్నీ దీంట్లనే ఉన్నయి.”

అర్థశాస్త్రం పుస్తకాలు నాలుగు అధ్యాయాల్లో చెప్పేది ఈ రెండు ముక్కల్లో ఉంది. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 2001లో వచ్చింది. అనులో కొట్టిన తెలుగు యూనికోడ్ కాదు. ఇంకోచోట అతికిస్తే పిచ్చిగీతలు. ఇరవై ఏళ్ళ శుభలేఖలు, వర్ధంతి కరపత్రాలు, గుడి రసీదు పుస్తకాలు ఒక్క ఓఎస్ దగ్గర తాకట్టు పడి ఉన్నాయి. ఇక డబ్బు కట్టకుండా వాడేవాణ్ణి చూసి కంపెనీ కుమిలిపోతోందనుకుంటే పొరపాటు. 1998లో వాషింగ్టన్ యూనివర్సిటీలో బిల్ గేట్సే చైనా గురించి చెప్పాడు: ఎలాగూ దొంగిలిస్తారు కాబట్టి మాదే దొంగిలించనివ్వండి, అలవాటు పడ్డాక వసూలు సంగతి చూసుకుంటాం అని. ఆ లెక్కన సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టుపక్కల దొంగ సీడీలు అమ్మినవాళ్ళంతా జీతం లేని సేల్స్‌మెన్లు.

దీనికి మన చదువుకున్నవాళ్ళ జవాబు సిద్ధంగా ఉంటుంది: “ఊరికే వచ్చేదానికి విలువేముంటుందండీ?” ఈ మాట మొయినాబాద్ మండలంలో నిలబడి అనడానికి చాలా ధైర్యం కావాలి. పక్కనే చిలుకూరు బాలాజీ గుడి. హుండీ లేదు, టికెట్టు లేదు, వీఐపీ దర్శనం లేదు. వీసా కోసం పదకొండు ప్రదక్షిణలు, వచ్చాక నూటెనిమిది. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు ఒకరి మడమలు ఒకరు తొక్కుకుంటూ తిరుగుతారు. ఉచితమని దేవుడి మీద అనుమానపడనివాళ్ళు, ఉచితమనగానే లైనక్స్‌ను మాత్రం ఎగాదిగా చూస్తారు. కేరళవాళ్ళు చూడలేదు. బడుల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లను ఉచిత సాఫ్ట్‌వేర్‌తో నడుపుతూ, 3,000 కోట్ల రూపాయలు మిగిలాయని 2019లో ప్రకటించుకున్నారు. హైదరాబాద్‌లోనూ ‘స్వేచ్ఛ’ సంస్థవాళ్ళు లైనక్స్‌ను తెలుగులోకి తెచ్చారు. మన బడుల్లో మాత్రం కంప్యూటర్ విద్య అంటే ఇప్పటికీ ఎంఎస్ ఆఫీసే.

సరే, జనాన్ని నిజంగా అడిగితే ఏం చెబుతారు? అడిగిన చోటు ఒకటుంది, అదీ మైక్రోసాఫ్ట్ సొంత ఇంట్లోనే. చేవెళ్ల దగ్గర షాబాద్ మండలం చందనవెల్లిలో దాని డేటా సెంటర్ ప్రాంగణం ఉంది. అలాంటి ప్రాంగణాల మీద నడిచే అజూర్ క్లౌడ్‌లో మిషన్ అద్దెకు తీసుకుంటే ఏ ఓఎస్ కావాలని మొదటే అడుగుతారు. విండోస్‌కు అదనంగా ఎంతవుతుందో కూడా చెబుతారు. అంటే సదస్సుల్లో వర్ణించే ఆదర్శ మార్కెట్టే. అక్కడ 2019 నాటికే లైనక్స్ వాడకం విండోస్‌ను దాటిపోయింది. 2001లో కంపెనీ పెద్ద స్టీవ్ బామర్ క్యాన్సర్ అని తిట్టిన లైనక్సే ఇది! ఆ తర్వాత 2014లో మనవాడు వేదికెక్కి లైనక్స్ అంటే మాకు ప్రేమ అన్నాడు. అద్దె వచ్చేచోట ప్రేమ పుట్టడంలో వింతేమీ లేదు.

ఫోన్ల సంగతి క్లుప్తంగా. ఆండ్రాయిడ్‌లోనూ అదే తంతు నడిపినందుకు 2022 అక్టోబర్‌లో మన కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కు 1,337.76 కోట్ల జరిమానా వేసింది. అంతకు ముందు విండోస్ ఫోన్‌కు యాప్‌లు రాసేవాళ్ళు లేక, నోకియా ఫోన్ల వ్యాపారాన్ని కొన్న డబ్బులో 760 కోట్ల డాలర్లు 2015లో నష్టం కింద రాసుకున్నది మైక్రోసాఫ్టే. గుత్తాధిపత్యం ఎలా ఉంటుందో అవతలి పక్క నిలబడి చూసే భాగ్యం దానికి అలా కలిగింది.

2025 అక్టోబర్ 14న విండోస్ 10కు సపోర్టు ఆగిపోయింది. విండోస్ 11కు టీపీఎం 2.0 చిప్పు కావాలి, ప్రాసెసర్ ఫలానా తరానికి తగ్గకూడదు. నిక్షేపంగా నడుస్తున్న మిషన్లు ఒక్క తేదీతో ముసలివైపోయాయి. వాటిలో లైనక్స్ వేస్తే ఇంకో ఐదేళ్ళు పనిచేస్తాయి, పైగా జేఎన్టీయూ సిలబస్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్ ఉండేది యూనిక్స్, లైనక్స్ మీదే. కానీ ఈ చుట్టుపక్కల ఒక కాలేజీ ఆ ల్యాబ్ కోసమే కొత్త మిషన్లు కొంటోంది. స్పెసిఫికేషన్‌లో మొదటి లైను ‘విండోస్ 11 ప్రీలోడెడ్’. పోటీ ఉండాలని మూడు కొటేషన్లు తెప్పించారట.