పేషెంటు పడుకున్నాడు, ఇక కానివ్వండి

ఆస్పత్రి చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు అక్కడ పగలు 50, రాత్రి 40 డెసిబెల్స్ దాటొద్దన్నాయి. గేటు ముందు ఆటోవాడు హారన్ కొడితే చలానా. లోపల థియేటర్‌లో మోకాలి కీలు మార్చే సుత్తీ రంపమూ 100 దాటి మోగితే వైద్యం.

సుత్తిని తప్పుపట్టలేం లెండి, మెల్లగా కొడితే ఎముకలో దిగదు. నా తగువు మిగతా మేళంతో. ట్రేలో కత్తెర్లు విసిరే చప్పుడు, గోడవారగా బ్లూటూత్ స్పీకరు, మధ్యలో అపార్ట్‌మెంట్ రేట్లు, ఎవరి మేనల్లుడి నిశ్చితార్థానికో మటన్ బిర్యానీ ఆర్డరు. అదేమిటండీ అంటే, "మత్తిచ్చాం కదా, ఏం వినపడుతుంది?" అంటారు. గోడలకు చెవులుంటాయని నమ్మే జనం మనం. బల్ల మీది మనిషికి మాత్రం ఉండవట!

కండరాలు సడలించే మందు కాలూ చెయ్యీ కట్టేస్తుంది గానీ చెవి మూయదు. శబ్దానికి మెదడు ఎలా స్పందిస్తోందో కొలిచి మత్తు ఎంత లోతుగా ఉందో చెప్పే యంత్రాలే ఉన్నాయి. పేషెంటు చెవి పనిచేస్తుందని యంత్రానికి తెలిసింది, దాని పక్కన నిలబడ్డవాళ్లకే తెలియలేదు. 2014లో బ్రిటన్, ఐర్లండ్ మత్తు డాక్టర్లు లెక్క తీస్తే, మధ్యలో మెలకువ వచ్చిందని చెప్పుకున్నవారు సుమారు 19,000 మందికి ఒకరు. పూర్తి మత్తిచ్చి చేసిన సిజేరియన్లలో 670 మందికి ఒకరు. ఒక్కరేగా అంటారా? ఆ ఒక్కరికి బిర్యానీ ఎన్ని ప్లేట్లో కూడా తెలుసు.

వినని 18,999 మంది సంగతీ చూద్దాం. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంటే పల్స్ ఆక్సిమీటర్ కూత స్థాయి కూడా దిగుతుంది. మత్తు డాక్టరు తెరవైపు చూడకుండానే చెవితో పట్టేది ఆ తేడానే. స్పీకరు హోరులో పాట శ్రుతి తప్పితే తెలుస్తుంది, పేషెంటు తప్పితే తెలియదు.

జర్మనీలో 5 ఆస్పత్రులు 385 మందితో ఒక పరీక్ష చేసి 2020లో ఫలితం ప్రకటించాయి. మత్తులో ఉండగా కొందరికి ఇయర్‌ఫోన్లలో సంగీతం, ధైర్యం చెప్పే మాటలు వినిపించారు. లేచాక వాళ్లకు నొప్పీ తగ్గింది, నొప్పి మందుల వాడకమూ తగ్గింది. మన దగ్గర ఆ మర్యాద దక్కాలంటే మెలకువగా ఉండాలి. 2022లో హైదరాబాద్ గాంధీ ఆస్పత్రిలో స్పృహలో ఉంచి మెదడు ఆపరేషన్ చేసిన పెద్దావిడకు చిరంజీవి 'అడవి దొంగ' చూపించారు. నిద్రపోయినవాడికి స్టాఫ్ ఇష్టమే ఇష్టం.

అమెరికాలో వర్జీనియాలో ఒకాయన కొలనోస్కోపీకి వెళ్తూ, డాక్టరు చెప్పే జాగ్రత్తలు మరిచిపోతానని ఫోన్‌లో రికార్డింగ్ నొక్కాడు. ఆయన మత్తులో ఉండగా మత్తు డాక్టరు ఆయన్ని వెక్కిరించిన మాటలన్నీ అందులో పడ్డాయి. 2015లో జ్యూరీ 5 లక్షల డాలర్లు ఇప్పించింది. దీన్నుంచి మన థియేటర్లు ఏం నేర్చుకుంటాయో ఇప్పుడే చెప్పగలను: పేషెంటు ఫోను బయటే పెట్టించండి.