మేడమ్ గారి సారు

కార్పొరేషన్ ఎన్నికలొస్తే ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ఆకాశం కనిపించదు, ఫ్లెక్సీలే. వార్డు మహిళలకు రిజర్వయితే ఆ ఫ్లెక్సీ చూసి తీరాలి. నిలువెత్తున చేతులు జోడించి సారు. ఓ మూలన పాస్‌పోర్టు సైజులో మేడమ్. పోటీ చేసేది ఆమే.

నాచారంలో ఊరేగింపు. డప్పులు, జీపు మీద సారు, వెనక కండువాలేసుకున్న ఆడవాళ్లు. 1911 జూన్‌లో లండన్‌లో దాదాపు 40,000 మంది ఆడవాళ్లు ఓటు హక్కు కోసం నడిచారు. పాపం, ఎవరికీ బిర్యానీ పొట్లం అందినట్టు చరిత్రలో లేదు. మనవాళ్లు నడిచేది సారు ఓట్ల కోసం, అదీ రోజుకూలికి. ఫ్యాక్టరీలో షిఫ్టు కంటే ఇదే నయమనే ఆడమనిషితో వాదించే ధైర్యం నాకు లేదు.

మన హైదరాబాదు ఆడపడుచు సరోజినీ నాయుడు 1917లో మద్రాసు వెళ్లి, భారత వ్యవహారాలు చూసే బ్రిటిష్ మంత్రి మాంటేగు దొర ముందు ఆడవాళ్ల బృందంతో నిలబడి ఓటడిగారు. 1921లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఆస్తిపాస్తులున్న ఆడవాళ్లకు వచ్చింది కూడా. నిజాం ఏలుబడిలో ఆ పేచీ లేదు. సామాన్యుడికే ఓటు లేనప్పుడు ఆడా మగా తేడా ఎక్కడిది?

1951-52 ఎన్నికలకు జాబితా రాస్తుంటే, ఉత్తరాదిలో చాలామంది ఇల్లాళ్లు పేరు చెప్పలేదు. ‘ఫలానావారి భార్య’ అన్నారు. ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ ఒప్పుకోలేదు. దాదాపు 28 లక్షల పేర్లు ఎగిరిపోయాయి. ఆనాడు ఓటు పోగొట్టిన మాటే ఈనాడు టికెట్ తెచ్చిపెడుతోంది. పార్టీ ఆఫీసులో బయోడేటా అడగండి, మొదటి లైను అదే: ఫలానా అన్న భార్య.

గెలిచాక, డ్రైనేజీ పొంగిందని ఆ ఇంటికి వెళ్లండి.

“మేడమ్ ఉన్నరా?”

“సార్ ఉన్నరు గదా అక్కా, ఏంది చెప్పున్రి.”

సంతకం మాత్రం మేడమ్‌దే. చట్టమంటే ఆ మాత్రం భయం ఉండాలి. అందరూ ఇంతేనని కాదు. సారును ఇంట్లో కూర్చోబెట్టి, నాలా పక్కన తామే నిలబడి పని చేయించేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు పని పట్టుబడేసరికి రిజర్వేషన్ మారి, సీటు సారు చేతికొస్తుంది.

ఇక అసెంబ్లీ. ఉప్పల్ నియోజకవర్గం పుట్టిందే పునర్విభజనలో. 2009 నుంచి నాలుగు ఎన్నికలు, నలుగురు ఎమ్మెల్యేలు, నలుగురూ మగవాళ్లే. మూడో వంతు సీట్లు ఆడవాళ్లకిచ్చే బిల్లు 1996లో పార్లమెంటు గడప తొక్కి, 2023లో చట్టమైంది. అమలు మాత్రం జనాభా లెక్కలు తేలి, మళ్లీ పునర్విభజన జరిగాకేనని అందులోనే రాసుకున్నారు. 2018లో ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవర్ పని మొదలెట్టి, ఏళ్ల తరబడి మనకు స్తంభాలు చూపించిన ఇంజినీరే ఈ చట్టాన్నీ గీసి ఉంటాడని నా అనుమానం.