మానుకి టేపు పెడితే

కోనసీమలో ఎవరైనా చేతిలో టేపుతో కాలువగట్టు మీద నిలబడితే సాయంత్రానికి ఊళ్ళో మూడు కబుర్లు పుడతాయి. రోడ్డు వెడల్పు చేస్తున్నారని ఒకటి. ఫలానావారి దాయాదుల సరిహద్దు తగువు మళ్ళీ లేచిందని ఇంకోటి. చెట్టు అడితికి అమ్మేశారని మూడోది. చెట్టు ఎంత లావుందో తెలుసుకుందామని వచ్చాడన్న కబురు మాత్రం ఏ టీకొట్లోనూ పుట్టదు. పుట్టినా నమ్మేవాడుండడు.

టేపు రెండో కొస పట్టుకోడానికి వచ్చిన మా బావే నమ్మలేదు.

"కొలిచి ఏం చేస్తావోయ్?"

"రాసిపెట్టుకుంటాను బావా."

"రాసి?"

ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూనే పని మొదలెట్టాను. మొదటిది గట్టుమీది నిద్రగన్నేరు. అడవి శాఖవాళ్ళ పద్ధతి ప్రకారం మాను చుట్టుకొలత నేలనుంచి 1.37 మీటర్ల ఎత్తున, అంటే నాలుగున్నర అడుగుల దగ్గర తీయాలి. నేల వాలుగా ఉంటే ఎగువ వైపునుంచి ఆ ఎత్తు చూసుకోవాలి. కాలువగట్టుకి ఎగువ రోడ్డు, దిగువ నీళ్ళు. కాబట్టి నేను రోడ్డు మీద, బావ బురదలో. మా దగ్గరున్నది దర్జీ టేపు, అయిదడుగులది. అది ఆ మాను నడుముకి మూడో వంతు కూడా రాలేదు. చివరికి కొబ్బరితాడు చుట్టి, ముడి దగ్గర గుర్తు పెట్టి, తాణ్ణి రోడ్డు మీద పరిచి కొలిచాం. 16 అడుగుల 4 అంగుళాలు. పాతకాలంవాళ్ళయితే చేతులు చాచి కావలించుకుని మూడు బారలకి కాస్త తక్కువని తేల్చేసి ఇంటికెళ్ళి భోంచేసేవారు.

ఈలోగా మోపెడ్ మీద వెళుతున్న పెద్దాయన ఆగారు.

"ఎంతకి కుదిరిందండీ బేరం?"

"బేరం కాదండీ, ఊరికే కొలుస్తున్నాం."

"ఆయ్. ఊరికే ఎవరు కొలుస్తారండీ? చెప్పకూడదంటే చెప్పకండి, దానికేముంది!"

అని బండి స్టాండేసి, చెప్పకూడని ఆ బేరంలో మేం మోసపోకుండా కాపాడే బాధ్యత తీసుకున్నారు. కలప లెక్క ఇలాగట: చుట్టుకొలతలో నాలుగోవంతు తీసుకుని, దాన్ని దానితోనే హెచ్చవేసి, దుంగ పొడవుతో హెచ్చవేస్తే ఘనపుటడుగులు. మా మానులో పదడుగుల దుంగకి దగ్గరదగ్గర 167. ఆ చెట్టు నీడలోనే నిలబడి, నోటిలెక్కన చెప్పేశారు. ఈ లెక్కలో ఒక తమాషా ఉంది. గుండ్రటి మానుని పలకల దిమ్మె కింద జమకట్టడం వల్ల అసలు ఉన్న కలపలో నూటికి 21 పాళ్ళపైన లెక్కలోకే రాదు. అది తొక్కకీ రంపప్పొట్టుకీ పోయేదేనని సర్దిచెబుతారు. తొక్క అంత మందం ఉంటే దాన్నే కొనుక్కోవచ్చుగా!

గుడి దగ్గరి రావిచెట్టుతో ఇంకో చిక్కు. చుట్టూ అరుగు కట్టేశారు. నాలుగున్నర అడుగులు అరుగు మీదనుంచా, నేలమీదనుంచా? మేం వాదించుకుంటూ పసుపుదారాల మీదుగా తాడు చుట్టుకుంటూ తిరుగుతుంటే, ప్రదక్షిణాలు చేస్తున్న ఒక పెద్దావిడ ఆగి, "ఏం మొక్కుకున్నారు నాయనా? మా కోడలికి కూడా చెబుతాను" అంది. ఏమీ లేదంటే నొచ్చుకునేలా ఉందని, ఉద్యోగం గురించని చెప్పాడు బావ. ఆయన రిటైరై చాలాకాలమైంది.

ఇక ఎత్తు. కంటినుంచి చాచిన పిడికిలి దాకా ఎంతుందో అంత కర్ర నిలువుగా పట్టుకుని, చెట్టు మొదలూ చివరా ఆ కర్రకి సరిగ్గా సరిపోయేదాకా వెనక్కి నడవాలి. అక్కణ్ణుంచి చెట్టు దాకా ఎంత దూరమో చెట్టు అంత ఎత్తు. శాస్త్రం బాగానే ఉంది గానీ, అరవై అడుగులు అడ్డంలేకుండా వెనక్కి నడవగలిగే చోటు కోనసీమలో ఎక్కడుంది? అయితే కాలువ, కాకపోతే ఎవరిదో పశువులసావిడి. సంక్రాంతికి కౌశిక నది దాటే ప్రభలు ఎన్ని అడుగులో ఇక్కడ పిల్లాణ్ణడిగినా చెబుతాడు. ఏళ్ళతరబడి కళ్ళెదుటే ఉన్న చెట్టు ఎత్తు పెద్దవాళ్ళక్కూడా తెలియదు.

అమెరికావాళ్ళయితే 1940 నుంచీ పెద్ద చెట్లకి మార్కులేసి జాబితా రాస్తున్నారు. చుట్టుకొలత అంగుళాల్లో, ఎత్తు అడుగుల్లో, కొమ్మల వెడల్పులో నాలుగోవంతు కలిపితే మార్కులు. మా నిద్రగన్నేరుకి 196, 62, 24 కలిపి 282 వచ్చాయి.

"ఎంతకి పాసు?" అన్నాడు బావ.

కొబ్బరిచెట్టు దగ్గర ఈ విద్యలేవీ పనిచెయ్యవు. దానికి వయసుతో పాటు లావెక్కే అలవాటు లేదు, కోసి చూసినా లోపల ఏటికో వలయం ఉండదు. వయసు తెలియాలంటే రాలిన మట్టల మచ్చలు లెక్కపెట్టాలి. ఏడాదికి పన్నెండు, పద్నాలుగు చొప్పున పడతాయి. దింపు తీసే ఆయన్ని ఎత్తెంతుంటుందని అడిగాను. "మామూలుగా యాభై అడుగులండి. కూలి మాట్లాడేటప్పుడు డెబ్భై."

నవ్వుకున్నాం గానీ, చెట్టు కొలత మనకి ఎప్పుడు కావాలో ఆయన మాటలోనే ఉంది. డబ్బు చేతులు మారేటప్పుడో, చెట్టు నేలమీద పడ్డాకో. 1996 నవంబరు 6 తుఫాను తర్వాత కోనసీమలో ఏ ఇంటికెళ్ళినా ఎన్ని చెట్లు పడ్డాయన్నదే లెక్క. గోదావరి గట్టున కుమారదేవంలోని సినిమా చెట్టు కూడా నిద్రగన్నేరే, సుమారు 150 ఏళ్ళది. 2024 ఆగస్టులో అది కూలాకే దాని వయసు, దాని కింద తీసిన సినిమాల సంఖ్య పేపర్లనిండా వచ్చాయి. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పట్టి కొమ్మ విరిగితేనే గదా 2018లో సెలైన్ సీసాలతో మందు ఎక్కించారు. బతికుండగా కొలత దక్కిన అదృష్టవంతురాలు కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను. సుమారు అయిదెకరాల నీడ ఉందని 1989లోనే గిన్నిస్ పుస్తకంలోకెక్కింది. అయితే ఊడలే వెయ్యికి పైగా ఉన్న ఆ మర్రిలో అసలు మాను ఏదని, దాని చుట్టూ తాడేయమంటే మా బావ రాడు.

అందుకని ఒక మనవి. ఈసారి పండక్కి ఊరొచ్చినప్పుడు, మీ గట్టుమీది పెద్ద మాను ఇంకా నిలబడి ఉంటే, కొబ్బరితాడు బిగించి చుట్టి కొలవండి. కొలతా తారీఖూ ఇంట్లో పంచాంగం వెనక రాసి ఉంచండి. అయిదేళ్ళకి మళ్ళీ అదే ఎత్తున కొలవాలి కాబట్టి మానుమీద ఆ చోట చిన్న సున్నంబొట్టు పెట్టండి. మేకు మాత్రం కొట్టకండి. ఆ పని ట్యూషన్ల బోర్డులవాళ్ళు ఇప్పటికే కావలసినంత చేశారు.