ఆగిన డబ్బులు

మా బాబాయి పేకాటలో ఇంతవరకు ఒక్క రూపాయి పోగొట్టుకోలేదు. ఇది ఆయన నోటితో ఆయన చెప్పిన మాట. ముప్ఫై ఆరేళ్లు లెక్కల మాస్టారుగా చేసి రిటైరైన మనిషి, లెక్క తప్పు చెప్పడు కదా. ఆయన డబ్బు పోదు. ఆగుతుంది. "ఎంత పోయింది బాబాయ్?" అని అడిగితే నొచ్చుకుంటాడు. "పోవడమేమిట్రా! అక్కడ ఓ నాలుగు వేలు ఆగాయి" అంటాడు, బస్టాండులో సామాను పక్కవాడికి అప్పగించి టీ తాగడానికి వచ్చినవాడిలా. ఆ నాలుగు వేలు ఎవరి జేబులో ఉన్నాయో ఇంటిపేరుతో సహా చెప్పగలడు. ఎప్పుడో వీలు చూసుకుని వెళ్లి తెచ్చుకుంటాడు. ఈ లెక్కన భీమవరం పక్కన మా తాతగారిచ్చిన అర ఎకరం ఆగింది, రెండు బుల్లెట్ బళ్లు ఆగాయి, గ్రాట్యుటీలో సగం ఆగింది. పిన్ని నానుతాడు కూడా ఆగింది గానీ దాని సంగతి తర్వాత.

ఆయన జ్ఞాపకశక్తి అమోఘం. 1997లో మా పెద్దక్క పెళ్లి విడిదిలో మూడో ఆటకి ఆయన చేతిలో ఏమున్నాయో ఇప్పటికీ వరసగా చెబుతాడు. ఇస్పేటు అయిదు, ఆరు, ఏడు ఒరిజినల్ పడిపోయింది. రెండు జోకర్లు. కళావరు తొమ్మిది ఒక్కటి వస్తే షో. ఎదురు కూర్చున్నవాడు దాన్ని గుప్పిట్లో పెట్టుకుని పాతిక నిమిషాలు చంపుకుతిన్నాడు. "ఆ కళావరు తొమ్మిది పడుంటే నా జీవితమే వేరుగా ఉండేదిరా" అని ఇప్పటికీ నిట్టూరుస్తాడు. ఆ పెళ్లిలో పెళ్లికొడుకు పేరు అడగండి, తడుముకుంటాడు. సొంత కూతురు ఇంటర్లో ఎంపీసీయో బైపీసీయో రెండేళ్లూ ఆయనకి తేలలేదు. పాపం అడిగేవాడు, అడగలేదని కాదు. చెప్పిన పది నిమిషాలకి ఆ స్థలంలోకి ఏదో ఆఠీను రాణి వచ్చి కూర్చునేది.

చుట్టాల్లో ఆయనకి మహా మంచి పేరు. పెళ్లికి పిలిస్తే ముందురోజే దిగుతాడు, అప్పగింతలయ్యాక గానీ కదలడు. చావు కబురు వింటే మొదటి బస్సుకి వచ్చేస్తాడు. రాత్రంతా శవజాగారం చేసేది ఆయనే, దినాలకి ఆఖరు దాకా ఉండేది ఆయనే. "ఎంత అభిమానమో!" అని మా మేనత్తలు కళ్లు తుడుచుకుంటారు. అటువైపు అరుగు మీద దుప్పటి పరిచి, నలుగురిని పోగేసి, చనిపోయినాయన మంచితనాన్ని తలుచుకుంటూ ముక్కలు పంచేది వాళ్లకి కనిపించదు. శివరాత్రి జాగరణ ఏనాడూ తప్పలేదు. ఆ రాత్రి మేలుకున్నదాంట్లో సగం శివుడికి చేరినా ఈపాటికి మా బాబాయి కైలాసంలో ఉండాల్సినవాడు. అక్కడా ప్రమథగణాల్లో నలుగురిని చూసుకునేవాడే అనుకోండి.

పెళ్లిళ్లూ చావులూ రోజూ రావు గదా. మిగతా రోజులకి శిబిరం ఉంది. పేపరువాళ్లు శిబిరం అంటారు, ఆడేవాళ్లు మాత్రం "చెరువు మీదకి వెళ్లొస్తా" అంటారు. నిజంగానే రొయ్యల చెరువు గట్టు మీద మేత బస్తాలు పెట్టుకునే రేకుల షెడ్డు అది. చెరువులో ఏరియేటర్లు తిరిగే చప్పుడుకి లోపలి కేకలు బయటికి వినపడవు. గట్టు మొదట్లో ఒక కుర్రాడు గేలం వేసుకుని కూర్చుంటాడు. వాడికి చేప పడాల్సిన అవసరం లేదు, జీపు కనపడితే చాలు. ఈమధ్య పోలీసులు డ్రోన్లు ఎగరేస్తున్నారు కనుక వాడు నీళ్లవైపు కాకుండా ఆకాశంవైపు చూస్తూ గేలం వేస్తున్నాడు.

లోపల ఏర్పాట్లకి వంక పెట్టలేం. టీ, పకోడి, రాత్రి పన్నెండుకి బిర్యానీ, దోమలచక్రాలు. అన్నీ ఉచితం అంటాడు బాబాయి, అత్తారింటి మర్యాదలు చెప్పుకున్నట్టు. ఉచితం ఎలా అవుతుంది? ఆట గెలిచినప్పుడల్లా బోర్డు నడిపేవాడు వందకి ఇంతని కోసుకుంటాడు. ఆరుగురు కూర్చుని తమ డబ్బునే రాత్రంతా అటూఇటూ తిప్పుతారు, తిప్పినప్పుడల్లా కొంత రాలి బోర్డువాడి డబ్బాలో పడుతుంది. తెల్లారేసరికి ఆరుగురి డబ్బూ కలిపి చూస్తే కాస్తోకూస్తో తగ్గే ఉంటుంది. మా బాబాయి దగ్గర చదివిన ఏడో తరగతి పిల్లలు ఈ తీసివేత చేసేస్తారు. ఆయనకి మాత్రం రాదు. ఎందుకంటే షెడ్డులో మూలన ఫైనాన్స్ చేసే ఇంకో పెద్దమనిషి ఉంటాడు. పదివేలు రాసుకుని తొమ్మిది వేలు చేతిలో పెడతాడు. ఉంగరమో, బండి తాళమో ఆయన దగ్గర ఉంచాలి. అప్పటికి మన లెక్కల మాస్టారికి తీసివేతలు అయిపోయి హెచ్చవేతలు మొదలవుతాయి.

ఇందులో నాకు అరికాలి మంట నెత్తికెక్కే విషయం ఒకటుంది. పేక అప్పు ఆయన పొద్దున్న తొమ్మిదిలోపు తీరుస్తాడు. నోటు లేదు, సాక్షి లేదు, మాట మీద బతికే మనిషి. పాలవాడికి మూడు నెలల బాకీ ఉంటుంది. కిరాణా కొట్టువాడు ఎదురైతే సందు మారుస్తాడు. చెల్లి ఇంజినీరింగు మూడో సంవత్సరం ఫీజుకి గడువు దాటితే జరిమానా పడి, నేను కట్టాను. "వాళ్లు ఆగుతారురా, ఇది పరువు" అన్నాడు. ఆయన నిఘంటువులో డబ్బులు ఆగుతాయి, కాలేజీవాళ్లు ఆగుతారు, పాలవాడు ఆగుతాడు. ఆగనిది ఆట ఒక్కటే.

చట్టం సంగతి ఎత్తితే నిటారుగా కూర్చుంటాడు. "రమ్మీ జూదం కాదు, సుప్రీంకోర్టే చెప్పింది." నిజమే. సికింద్రాబాదులో ఒక క్లబ్బు మీద పెట్టిన కేసు ఢిల్లీ దాకా వెళ్లింది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి, కనుక రమ్మీలో నేర్పుదే పైచేయి, మూడుముక్కలాట లాంటిది కాదు అని 1967లో తీర్పు వచ్చింది. ఈ సగం బాబాయికి కంఠస్థం. ఆట నడిపేవాడు అందులో లాభం చేసుకుంటుంటే అది నేరమే కావచ్చని అదే తీర్పులో ఉన్న రెండో సగం చదివి వినిపించాను. చెవిలో అగ్గిపుల్ల తిప్పుకుంటూ విన్నాడు. "అది నడిపేవాడి బాధరా, మనం ఆడేవాళ్లం" అన్నాడు. సంక్రాంతికి కోడిపందేల బరుల పక్కన గుండాట ఆడేవాళ్లని చూస్తే మాత్రం ఆయనకి ఒళ్లు మంట. అది పచ్చి జూదమట.

ఒకసారి షెడ్డు మీద దాడి జరిగింది. మర్నాడు జిల్లా పేజీలో, "పేకాట శిబిరంపై దాడి, ఏడుగురి అరెస్టు, రూ.18,450 నగదు, ఆరు సెల్‌ఫోన్లు, నాలుగు బైకులు స్వాధీనం, ఒకరు పరారీ." ఆ పరారీ మా బాబాయే. అరవై దాటిన మోకాళ్లతో గట్టెక్కి, రొయ్యల చెరువులో పడి, అవతల తేలి, తెల్లారుజామున ఒంటినిండా బురదతో ఇంటికొచ్చాడు. పిన్ని తలుపు తీసి ఎగాదిగా చూసి, "నాలుగు రొయ్యలైనా పట్టుకొచ్చారా?" అంది. ఆయన బాధ మాత్రం వేరు. పేపరు ముందేసుకుని మధ్యాహ్నం దాకా కుమిలిపోయాడు. బోర్డు మీద లక్షా నలభైకి తక్కువ లేదట, పేపర్లో పద్దెనిమిది వేలు పడింది. మిగతాది దారిలో ఎక్కడో ఆగిందన్నమాట.

ధర్మరాజు ప్రస్తావన లేకుండా ఆయనతో ఈ విషయం మాట్లాడటం అసాధ్యం. అది మనం తేబోయే ఉదాహరణ కదా, ఆయనే ముందు తెస్తాడు. "అంతటి ధర్మరాజే ఆడాడు!" నేనూ ఒప్పుకుంటాను. రాజ్యం, తమ్ముళ్లు, భార్య పోయాక కూడా పిలవగానే రెండో ఆటకి వెళ్లి కూర్చున్నాడు. అడవిలో బృహదశ్వుడనే ముని కనిపిస్తే నలుడి కథ విని ఆయన దగ్గర నేర్చుకున్నది అక్షహృదయం, అంటే పాచికల మర్మం. అజ్ఞాతవాసంలో ఎన్ని కొలువులు లేవు? కంకుభట్టు పేరు పెట్టుకుని విరటుడితో పాచికలాడే ఉద్యోగమే వెతుక్కున్నాడు. పన్నెండేళ్లు అరణ్యవాసం, ఒక ఏడాది అజ్ఞాతవాసం. "మొత్తం పదమూడు, చూశావా?" అంటాడు బాబాయి, మన ఆటకీ పదమూడు ముక్కలేనని వ్యాసుడు ముందే సూచించినట్టు.

ఇక పిన్ని. ఆవిడ అయిదో తరగతితో ఆపేసింది గానీ ఆ ఇంట్లో లెక్క తెలిసింది ఆవిడకే. బాబాయి రెండు వేలు ఆగాయంటే నాలుగు అని రాసుకుంటుంది, అయిదన్నాడా పది. ముప్ఫై ఏళ్లలో ఈ సూత్రం తప్పలేదు. డబ్బు పోపుల డబ్బాలో దాచే అమాయకత్వం పెళ్లైన ఏడాదికే పోయింది. వీధి చివర టైలరమ్మ దగ్గర చీటీ కడుతుంది, ఎత్తిన పాట ఆవిడ దగ్గరే ఉంచుతుంది. చెల్లి పెళ్లి ఆ డబ్బుతోనే అయింది. ఎలా అయిందో బాబాయికి ఇప్పటికీ తెలియదు. తన గ్రాట్యుటీతోనే అయిందనుకుంటున్నాడు, అనుకోనివ్వండి.

గెలిచిన రోజు మా బాబాయంత రసికుడు ఉండడు. కేజీ మటన్, మూరెడు మల్లెపూలు, ఓ పట్టుచీర. పిన్ని చీర తీసి, భుజమ్మీద వేసుకుని, అద్దంలో చూసుకుని, "బావుందండీ" అంటుంది. మర్నాడు మడత చెడకుండా కొట్లో తిరిగి ఇచ్చేసి డబ్బు తీసుకుంటుంది. కొట్టాయన మూడొందలు పట్టుకుని మిగతాది ఇస్తాడు. ఆర్నెల్లకి బాబాయి మళ్లీ గెలుస్తాడు, మళ్లీ అదే కొట్టుకి వెళ్తాడు. ఆయన అభిరుచి మారదు గనుక కొట్టాయన అదే మామిడిపండు రంగు చీర తీసి ముందేస్తాడు. ఆ ఒక్క చీర మా పిన్నికి నాలుగుసార్లు కొన్నాడు. ఆవిడ ఒక్కసారీ కట్టలేదు.

నానుతాడు మాట చెబుతానన్నాను. పదకొండు నెలలు ఆవిడ మెడలో పసుపుకొమ్ము కట్టిన తాడుంది. అడిగినవాళ్లకి మొక్కు అని చెప్పింది. ఏ దేవుడికని ఎవరో అడిగితే నేను అక్కడ ఉండలేక లేచి వెళ్లిపోయాను. ఆ ఏడాది బాబాయితో మాట్లాడలేదు. ఆయనకి ఆ సంగతి తెలియలేదనుకుంటాను. సంక్రాంతికి వెళ్తే, "ఏరా, ఓ చేయి వేస్తావా?" అన్నాడు.

సెల్‌ఫోన్లో రమ్మీ వచ్చాక షెడ్డుకి వెళ్లడం మానేస్తాడనుకున్నాం. ఎదుటివాడి మొహం కనపడందే అదేం ఆటని మొదట ఈసడించాడు. తర్వాత ఈసడిస్తూనే ఆడాడు. 2020లో మన రాష్ట్రం దాన్ని నిషేధించింది, తెలంగాణ 2017లోనే ఆ పని చేసింది. ఫోను "మీ ప్రాంతంలో ఆడరాదు" అని చూపించింది. బాబాయి రెండు రోజులు ఆలోచించి, టిఫిన్ డబ్బా కట్టించుకుని బస్సెక్కి యానాం వెళ్లాడు. అది పుదుచ్చేరి కిందకి వస్తుందిగా. గోదావరి గట్టున కూర్చుని సాయంత్రం దాకా ఆడి, ఛార్జీలతో సహా ఆపుకుని వచ్చాడు. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటికీ దేశమంతటా తలుపులు మూసేశారు. ఇప్పుడు మళ్లీ చెరువు గట్టే గతి.

ఇంత రాశానే, నా చేతిలో ఎప్పుడూ పేకముక్క లేదు. నేను షేర్ మార్కెట్లో ఆప్షన్లు ఆడతాను. మూడేళ్లలో ఫ్యూచర్లు, ఆప్షన్లలో దిగిన మామూలు మనుషుల్లో నూటికి 93 మంది నష్టపోయారని 2024లో సెబీ లెక్క తేల్చింది. ఆ వార్త నేను పూర్తిగా చదివాను. చదివి, మిగతా ఏడుగురి గురించి ఆలోచించాను.

పోయిన శ్రావణంలో వ్రతానికి పిన్ని మా ఇంటికొచ్చింది. మధ్యాహ్నం మూడింటికి నేను బాల్కనీలో ఫోను పట్టుకుని ఉంటే వచ్చి పక్కన కూర్చుంది. ఫోను చూడలేదు, నా మొహం చూసింది.

"ముక్క రాని మొహంరా ఇది. ముప్ఫై ఏళ్లుగా చూస్తున్నా. ఎంత ఆగింది?"

వంటింటివైపు ఓసారి చూసి గొంతు తగ్గించాను. "లక్షా పది, పిన్నీ."

ఆవిడ పెదాలు కొంచెం కదిలాయి. "రెండు లక్షల ఇరవై. మీ ఆవిడకి తెలుసా?"

తెలియదు. ఈ పత్రిక మా ఇంటికి రాదు.