అమెడే వేళ్లు తాకని పెట్టె

నేను పుట్టింది జర్మనీలో. అక్కడి కార్ఖానా సంగతులు చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేవు. నల్లరంగు పూసిన చెక్క పెట్టె, మడతల తిత్తి, కుడివైపు పది మీటలు, ఎడమవైపు మంద్రానికి రెండు, నెత్తిమీద నాలుగు స్టాపులు. ఇదీ నా ఒళ్లు. ఓడెక్కి అమెరికా దక్షిణాన లూసియానా చేరాక, అక్కడి ఫ్రెంచి మాట్లాడే జనం మమ్మల్ని ముద్దుగా ‘తి న్వార్’ అన్నారు.

సురభి నాటకంలో హార్మోనియం విన్నవాళ్లకు నా గొంతు కొత్త కాదు. మా ఇద్దరిదీ ఒకటే జాతి. తిత్తిలోంచి గాలి తగిలి రీడు అదిరితే స్వరం పుడుతుంది. కాకపోతే హార్మోనియంలో ఏ మెట్టు స్వరం ఆ మెట్టుదే. నాలో అలా కాదు. ఒకే మీట తిత్తి మూస్తే ఒక స్వరం, తెరిస్తే మరో స్వరం ఇస్తుంది. పది మీటల్లో పాట మొత్తం ఇమడాలి. చేతకానివాడికి దొరికితే నాకు ఎగశ్వాసే. చేతనైనవాడికి దొరికితే ఆ మూయడం తెరవడంలోంచే తాళం పుట్టి, నాట్యమాడేవాళ్ల కాళ్లకింద నేల అదురుతుంది.

నన్ను కొన్నది బజీల్ ఊరి దగ్గర సగంపాలుకు భూమి చేసుకునే ఒక క్రియోల్ రైతు, అంటే ఫ్రెంచి మాట్లాడే నల్లజాతివాడు. వారమంతా పత్తి చేలో పనిచేసి, శనివారం రాత్రి నన్ను ఒళ్లో పెట్టుకునేవాడు. మంచివాడే. కానీ అతని వేళ్లు నామీద ఎప్పుడూ ఇంకొకరి వేళ్ల కోసం వెతికేవి. ఆ ఇంకొకరు అమెడే ఆర్డువాన్.

అమెడే నన్ను ఒక్కసారి కూడా తాకలేదు. ఆ వెలితి నాకు ఈనాటికీ తీరలేదు. అతను వాయించే గదుల్లో గోడవార నేనూ ఉండేదాన్ని. అతను చేసింది ఇంటికి వచ్చాక నాచేత చేయించాలని నా యజమాని తెల్లవార్లూ తంటాలుపడేవాడు. అందుకే అమెడే పాట నాకు తెలిసినంతగా చాలామంది మనుషులకు తెలియదు.

అతను 1898లో పుట్టాడు. పొట్టి మనిషి. నాగలి పట్టడం అతనికి గిట్టేది కాదు. తన పెట్టెను పిండిసంచిలో వేసుకుని, కాలినడకన కొంత, దారిన పోయే బండ్లమీద కొంత, ఊరూరా తిరిగేవాడు. ఎవరింట్లోనో సామాను బయటపెట్టి గది ఖాళీ చేసేవారు. ఒక ఫిడేలు, ఒక ఇనుప త్రికోణం, అమెడే పెట్టె, అతని గొంతు. మైకుల్లేని రోజులు. అంతమంది అడుగుల చప్పుడు దాటి వినబడాలంటే పైస్థాయిలోనే పాడాలి. అతని పాట ఏడుపుకు అంగుళం దూరంలో ఉండేది. దిక్కులేనితనం, ఇంటికి తిరిగిపోవాలన్న కోరిక, తిరస్కరించిన పిల్ల. పసితనంలోనే తండ్రి పోయిన మనిషి కాబట్టి, అవి ఊహించి పాడాల్సిన అవసరం అతనికి లేదు. ఎదురుగా ఉన్నవాళ్లమీద అప్పటికప్పుడు చరణాలు కట్టేవాడు.

డెనిస్ మెగీ అనే తెల్ల ఫిడేలు వాద్యకారుడితో అతనికి జోడీ కుదిరింది. ఇద్దరూ ఒకే భూస్వామి పొలంలో పనిచేశారు. 1929 డిసెంబరు 9న న్యూ ఆర్లీన్స్‌లో ఇద్దరూ కలిసి కొలంబియా కంపెనీకి ఆరు పాటలు ఇచ్చారు. 1934 డిసెంబరు 22న న్యూయార్క్‌లో అమెడే ఒంటరిగా కూర్చుని, తోడు ఫిడేలు కూడా లేకుండా, డెక్కా కంపెనీకి పన్నెండు పాటలు పాడాడు. మొత్తం 34 పాటలే రికార్డుకెక్కాయి. లూసియానాలో నేటికీ ఫ్రెంచి పాటకు అకార్డియన్ పట్టే ప్రతివాడూ, క్రియోల్ అయినా తెల్లవాడైనా, ఆ 34 పాటల అప్పులోనే ఉన్నాడు. ఈ మాట నేను ఎక్కడైనా చెబుతాను.

తెల్లవాళ్ల ఇళ్లలో వాయించడానికి నల్లవాడు పనికొస్తాడు. వాళ్లలో ఒకడిగా నిలబడటానికి పనికిరాడు. ఒక రాత్రి అలాంటి ఇంట్లోనే అమెడే చెమటలు కక్కుతూ పాడుతుంటే, ఆ ఇంటి ఆడపిల్ల తన చేతిరుమాలు ఇచ్చింది. అతను ముఖం తుడుచుకున్నాడు. అంతే జరిగింది. తిరిగి వెళ్లే దారిలో తెల్లవాళ్లు అతన్ని పట్టుకుని చావబాదారనీ, ఒంటిమీదుగా కారు పోనిచ్చారనీ క్రియోల్ కుటుంబాలు చెప్పుకుంటాయి. అసూయతో సాటి వాద్యకారుడెవరో విషం పెట్టాడన్న మాట కూడా ఉంది. నా యజమాని రుమాలు కథనే నమ్మాడు, నేనూ అదే నమ్ముతాను. ఆ తర్వాత అమెడే మతి, గొంతు రెండూ చెదిరిపోయాయి. 1942లో పైన్‌విల్‌లోని మానసిక వైద్యశాలలో చేర్చారు. ఆ ఏడాది నవంబరు 3న అక్కడే పోయాడు. నలభై నాలుగేళ్లు. పేరు చెక్కిన రాయి లేకుండా పూడ్చారు.

అప్పటికే నా రోజులూ మారిపోయాయి. 1921లో వచ్చిన రాష్ట్ర రాజ్యాంగం బడుల్లో ఇంగ్లీషే ఉండాలంది. ఫ్రెంచి మాట్లాడిన పిల్లలు బడిలో దెబ్బలు తిన్నారు. ఇంటిభాష సిగ్గుపడే విషయమైతే, ఆ భాషలో పాడే పెట్టె ఇంకేమవుతుంది? చమురు డబ్బు, రేడియో, గిటార్ల బృందాలు వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధంతో జర్మనీ నుంచి మా రాక ఆగిపోయింది. నా యజమాని కూలి బాగా దొరుకుతుందని టెక్సస్‌లోని చమురు శుద్ధి కర్మాగారాలవైపు పోయాడు. పోతూ నన్ను మొక్కజొన్న కొట్టులో గోనెల వెనక పడేశాడు. తిత్తికి పట్టీ కూడా బిగించలేదు!

ఆ పట్టీ బిగించడానికి ఎంతసేపు పడుతుంది? నోరు తెరుచుకున్న తిత్తిలోకి వర్షాకాలపు చెమ్మంతా చేరింది. మడతల అట్ట ఉబ్బి, మూలల తోలు ఊడింది. ఎలుకలు ఆ తోలు తిన్నాయి. రీడ్లను పట్టి ఉంచే తేనెమైనం వేసవి వేడికి జారి, చలికి పగిలింది. రీడ్లకు తుప్పు పట్టింది. ఎప్పుడైనా పిల్లలు దూరి మీటలు నొక్కితే ఉత్త గాలి బుస్సుమనేది. వాళ్లు నవ్వి వెళ్లిపోయేవారు. నన్ను వాయించిన మనిషి ఒకసారి వచ్చి మొక్కజొన్న పొత్తులు తీసుకుపోయాడు. నావైపు చూడనైనా చూడలేదు. అతనిమీద ఆ కోపం నాకింకా పోలేదు.

బయట మాత్రం సంగీతం ఆగలేదు. ఒపెలూసస్‌లో 1925లో పుట్టిన క్లిఫ్టన్ షెనియే పియానో మెట్లున్న పెద్ద అకార్డియన్ ఎత్తుకుని, క్రియోల్ పాటకు బ్లూస్ కలిపి జైడెకోను ప్రపంచానికి వినిపించాడు. అతని అన్న క్లీవ్‌లండ్ గాళ్లు పడిన రేకును చొక్కాలా తొడుక్కుని, సీసామూతలు తీసే ఓపెనర్లతో దానిమీద తాళం వేసేవాడు. 1984లో క్లిఫ్టన్‌కు గ్రామీ వచ్చింది. అతని తండ్రి కూడా అకార్డియన్ మనిషే అని తెలిసి సంతోషించాను.

నన్ను మళ్లీ లోకంలోకి లాగింది ఐరీ లెజూన్. చూపు సరిగా లేని ఆ తెల్ల యువకుడు 1948లో ఇచ్చిన రికార్డుతో చిన్న పెట్టెలకు మళ్లీ గిరాకీ వచ్చింది. అతను వాయించినవాటిలో చాలా బాణీలు అమెడేవే. జర్మనీ సరుకు దొరక్క, లేక్ చార్ల్స్‌లో సిడ్నీ బ్రౌన్ పాత పెట్టెల భాగాలతో కొత్తవి కట్టడం మొదలుపెట్టాడు. ఆ దారిలోనే నడిచిన ఒక పనివాడు కొట్టులో నన్ను చూసి, ఇంటివాళ్లకు చిల్లర ఇచ్చి తీసుకెళ్లాడు. నా చెక్క పొయ్యిలోకి పోయింది. బాగుపడే రీడ్లను మాత్రం ఊడదీసి, తుప్పు గీకి, శ్రుతి చేసి, కొత్త పెట్టెలో మైనంతో అమర్చాడు. ఈ మాటలు ఆ రీడ్లవే.

1966లో అమెడే బంధువు బ్వా సెక్ ఆర్డువాన్ న్యూపోర్ట్ జానపదోత్సవంలో వాయించాడు. కుర్రతనంలో అమెడే పక్కన త్రికోణం కొట్టినవాడు అతను. 2018లో ఒపెలూసస్‌లో అమెడేకు విగ్రహం పెట్టారు. సమాధి ఎక్కడో చూపించలేని మనిషికి నిలబడే చోటు ఒకటి దొరికింది. బూజుపట్టిన పెట్టె రీడ్లనే ఎవరో ఊడదీసి బాగుచేశారు. ఆ మనిషిని బతికుండగా ఎవరూ బాగుచేయలేదు.

ఇప్పటికీ డాన్సుహాళ్లలో అతని వాల్ట్జులు నా రీడ్లమీద పలుకుతున్నాయి. వాయించేవాళ్లు వాటిని తమ తాతగారి పాటని, ఐరీ పాటని, ఊరి పాటని పరిచయం చేస్తారు. మైకు నా ముందే ఉంటుంది. నాకు గాలే తప్ప మాట లేదు గానీ, ఉంటే పాట ఎత్తుకునేలోపే దాంట్లో అరిచేదాన్ని: ఇది అమెడేది, అమెడే ఆర్డువాన్‌ది!