సీసా ఒకటే, చీటీలే వేరు

ఏం సామీ, అజీర్తికి అల్లం టించరు ఒక సీసా ఇస్తావా? ఒకటి చాల్దులే, నాలుగియ్యి. అజీర్తి బాగా ముదిరింది!

మద్రాసు రాష్ట్రంలో మద్యనిషేధం ఉన్న రోజుల్లో తెలుగునాట మందుల షాపులకు ఈ రోగులు తెగ వచ్చేవారు. సారాయి తాగితే నేరం. అల్లం టించరు తాగితే వైద్యం! ఆ అల్లం నానేది దేంట్లో? ఆల్కహాలులో. సర్కారుకు తెలియదా? భేషుగ్గా తెలుసు. బాల్సారా కేసులో సుప్రీంకోర్టు 1951లో ఆల్కహాలున్న మందులను నిషేధించడం చెల్లదంది. సబబే, రోగికి మందు కావాలి. 1955లో పార్లమెంటు అలాంటి మందులమీద, అత్తర్లమీద సుంకం వేస్తూ చట్టం తెచ్చింది. తాగేవాడు ఏ గంగలో దూకితేనేం, సుంకం కడితే చాలు.

ఈ గొడవ మన కర్నూలుకు కొత్తా? ఆంధ్ర రాష్ట్ర రాజధాని వచ్చి ఏడాది దాటిందో లేదో, 1954 నవంబరులో ప్రకాశం పంతులు ప్రభుత్వం మద్యనిషేధం తగువులోనే ఒక్క ఓటు తేడాతో కూలింది. 1995లో సంపూర్ణ నిషేధం పెట్టిన పార్టీయే 1997లో ఎత్తేసింది. ఇంకో పార్టీ దశలవారీగా మాన్పిస్తామంది. 2019 అక్టోబరులో తానే కొట్టు తెరిచింది! మరుసటి ఏడాది మేలో ధరలు 75 శాతం పెంచింది. ధర పెంచితే తాగుడు మానేస్తారట. మానేశారా? కర్ణాటక ప్యాకెట్లు సరిహద్దు దాటి ఆదోని వైపు నడిచొచ్చాయి.

అమెరికా నిషేధంలోనూ ఇదే కత. 1930లో అక్కడి అల్లం సారంలో ఎవరో రసాయనం కలిపారు. వేలమందికి కాళ్లు పడిపోయాయి. అమెరికా సంగతి మనకెందుకప్పా అంటారా? 2020 జూలైలో కురిచేడులో శానిటైజరు తాగి పదిమందికి పైగా పోయారు. చేతులు కడుక్కోమని ఇచ్చిన సీసా అది. పెద్దలు మాత్రం బాగానే కడుక్కున్నారు.

ఇప్పుడు 99 రూపాయలకే క్వార్టరు. నాణ్యత గ్యారంటీ అట! మరి మాత్రల నాణ్యతకు ఎవరు గ్యారంటీ? దేవనకొండ కూలీ సుగ్గికి వలస పోయి, గుంటూరు మిరపచేలల్లో వంగి వంగి, విరిగిన నడుంతో ఇల్లు చేరుతాడు. నొప్పి మాత్ర కావాలి. డాక్టరు చీటీ అడిగి మాత్ర ఇచ్చిన షాపు మీరెన్నడైనా చూశారా? షెడ్యూల్ హెచ్ హెచ్చరిక ఉంటుంది లెండి. చీమ తలకాయంత అక్షరాల్లో. అదీ ఇంగ్లీషులో. చదివి భయపడాల్సింది ఎవరు, అది అచ్చేసినోడా?

మద్యం ఆదాయం ఎంతో ఏటా బడ్జెట్టులో గొంతెత్తి చదువుతారు. మందుల షాపుల్ని తనిఖీ చేసేవాళ్లు ఎంతమందో ఎవరైనా చదివారా? ఈసారి ఓటడగను ఇంటికొచ్చినోణ్ణి క్వార్టరు ధర అడగొద్దు. ఆ లెక్క అడగండి.